దాలమ్మ తడిగుడ్డ కర్ర

మా అత్త దాలమ్మ మనుషుల్ని వాళ్ళ ఇంటి నేలని బట్టి లెక్కగడుతుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు చెప్పులు విప్పి అరికాలు మోపి చూస్తుంది. కాలికి ఇసక తగిలిందంటే ఆ ఇంట్లో టీ కూడా ముట్టదు. నా పెళ్ళిచూపుల్లో నన్ను పెద్దగా చూడలేదట. మా ఇంటి నేల చూసి, "గుంట పేరేటి?" అని అడిగిందట. "రేఖ" అని మా అమ్మ చెబితే, "మంచిది, పంపించండి" అందట. ఆ పొద్దున మా అమ్మ ఇల్లు ఎందుకంత శుభ్రంగా కడిగిందా అని కాపరానికొచ్చిన కొత్తలో నేను చాలాసార్లు పళ్ళు నూరుకున్నాను.

మా అత్త నరసన్నపేట దగ్గరున్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటికి ఇది మట్టి ఇల్లు. పేడ కలిపి అలికి, అది ఆరకముందే ఎవరైనా అడుగేస్తే నాగావళి దాకా తరిమేదని మా మావయ్య నరసింగరావు ఇప్పటికీ చెబుతాడు. తరవాత సిమెంటు చేయించారు. అది వద్దని అలిగింది. నెల తిరక్కుండా ఆ సిమెంటులో ముఖం కనిపించేలా తుడిచింది. మా ఆయన త్రినాథ్ ఎరువుల కొట్టు పెట్టి నాలుగు డబ్బులు చూశాక లోపల టైల్స్ వేయించాడు. మళ్ళీ అలిగింది, మళ్ళీ లొంగదీసుకుంది. వీధి అరుగు మాత్రం గరుకు సిమెంటుగానే మిగిలిపోయింది.

ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో తడిగుడ్డ పట్టుకునే హక్కు నాకు రాలేదు. నేను తుడిస్తే వెనకాలే వచ్చి మళ్ళీ తుడిచేది. నేనూ రోషం ఉన్నదాన్నే. శ్రీకాకుళంలో ల్యాబ్ ఉద్యోగానికి పొద్దున్నే బస్సెక్కి పోయేదాన్ని. నేల ఆవిడది, బస్సు నాది అని మా ఇద్దరికీ ఒక ఒప్పందం లాంటిది కుదిరిపోయింది.

కిందటేడు ఆవిడకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాయి. ఇక నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, వంగి పనులు చెయ్యకూడదు అన్నారు డాక్టరుగారు.

"మరి తడిగుడ్డ ఎవులెడతారు బాబూ?" అని అడిగింది మా అత్త.

"కోడలు లేదా అమ్మా?" అన్నారాయన.

డాక్టరుగారు నవ్వారు, మా ఆయన నవ్వాడు. మా అత్తా నేనూ నవ్వలేదు.

బజారు నుంచి గిర్రున తిరిగే బకెట్టున్న మాప్ తెచ్చాను. టైల్స్ మీద బాగానే ఉంది. గరుకు అరుగు మీద దాని పోగులన్నీ పీలికలైపోయాయి. నీళ్ళు పిండడానికి కాలితో తొక్కాలి, ఆపరేషన్ అయిన కాలితో ఆవిడ తొక్కలేదు. నేను తుడుస్తుంటే కుర్చీలో కూర్చుని నా చేతులకేసి చూసేది. తిట్టడం మానేసింది. నాకు అదే భయం వేసింది. మా అత్త తిట్టకపోవడమంటే ఒంట్లో బాగులేదనే అర్థం.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో అమ్మవారి సంబరం ఖాయం చేశారు. మా ఊళ్ళో సంబరం ఏళ్ళకోసారి వస్తుంది. ఘటం ఎత్తిన మనిషి డప్పులతో వీధి వీధీ తిరిగి ప్రతి గుమ్మం ఎక్కుతాడు. ఆయన వచ్చే ముందు అరుగూ గుమ్మం పసుపు నీళ్ళతో తుడవాలి. తుడవాల్సింది ఆ ఇంటి పెద్ద ఇల్లాలే. ఆ రోజు ఎవరు తుడిచారో మళ్ళీ సంబరం దాకా ఆ ఇంటి పెత్తనం వాళ్ళదని ఊరంతా ఒప్పుకున్నట్టే. చీరలు పంచాలన్నా, పెళ్ళికి పిలవాలన్నా ఆవిడనే అడుగుతారు. చెయ్యలేని వాళ్ళు ఆ రోజు గుడ్డ కోడలి చేతిలో పెట్టి పక్కకి తప్పుకుంటారు.

"ఇంకేటున్నాది దాలీ, ఈసారి రేఖ సేతికిచ్చీ" అంది పక్కింట్లో ఉండే మా పెద్దత్త చిన్నతల్లి. ఆవిడ మా మావయ్య అన్నగారి భార్య. మా అత్త కంటే పెద్దదే గానీ మోకాళ్ళు గట్టివి, నోరు అంతకంటే గట్టిది.

"నా సేతులికేటైనాది అప్పా? పోయినవి మోకాళ్ళే కదా" అంది మా అత్త. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని వీధి చివర అప్పలసూరి షెడ్డుకి వెళ్ళింది.

అప్పలసూరి గేట్లూ గ్రిల్లులూ చేస్తాడు. నిలబడి ఇల్లంతా తుడుచుకునే కర్ర కావాలని చెబితే, ఇనుప గొట్టంతో చేసి, పైన గేటుకి పెట్టినట్టు పువ్వు కూడా అతికించి, నీలం రంగేసి మరీ తెచ్చాడు. ఎత్తబోతే నాకే భుజం లాగింది.

"ఒరే సూరీ, తుడుపు కర్ర సెయ్యమంటే గేటు సేసి తెచ్చినావేట్రా?"

"గట్టిగుంటాదని పెద్దమ్మా."

"దొంగలొచ్చి తోసీడానికి ఇదేటి తలుపా? ఇనుము వొగ్గీ. కర్ర సూడు."

ఆ రోజు నుంచి ఆవిడకి ఆ షెడ్డులో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాయమైంది. ఎండిన సన్న సరుగుడు కర్ర తెప్పించి, చేతికి గుచ్చుకోకుండా గీయించింది. నిలబడితే తన గెడ్డం దాకా రావాలంది. చివర్న పాత నూలు చీరల పీలికలు కట్టింది. కర్ర బాగానే కుదిరింది. పిండడం దగ్గరే పని ఆగిపోయింది. వంగకుండా, తొక్కకుండా గుడ్డలో నీళ్ళు ఎలా పోతాయి?

ఓ ఆదివారం జంతికలు వేస్తూ పిండి నింపిన గొట్టం చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది. నూనె పొగలొస్తోంది.

"అత్తా, నూనె మాడిపోతన్నాది!" అని అరిచాను.

"మాడనీ" అంది. గొట్టం నొక్కింది, మళ్ళీ తీసింది, మళ్ళీ నొక్కింది. "ఒలే రేఖా, ఇరుకులో ఎడితే దేన్లోంచైనా వచ్చీదొచ్చీస్తాది."

సగం పిండి అలాగే వదిలేసి షెడ్డుకి పోయింది. మిగతా జంతికలు నేనే వేశాను, మాడినవి మావయ్య తిన్నాడు. సాయంత్రానికి కర్రకి ఓ లావుపాటి ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగి తెచ్చింది. నిలబడి ఆ పైపుని కిందికి తోస్తే పీలికలన్నీ దాన్లోకి ఇరుక్కుంటాయి, నీళ్ళు బొళబొళా బకెట్లోకి కారిపోతాయి. మొదటిసారి తోసి చూపించినప్పుడు ఆవిడ ముఖం చూడాలి. నేను నా పిల్లలకి కూడా అంత చప్పట్లు కొట్టలేదు.

ఇక ఆగలేదు. వాడలో ఆడవాళ్ళందరినీ పిలిచింది. వంటిల్లు తుడిచింది, హాలు తుడిచింది, బాత్రూం తుడిచింది. ఒక్క కర్రతో ఇల్లంతా అయిపోతుందని చెప్పుకుంటూ, ఆ ఊపులో దేవుడి గది గడప దగ్గరికి వెళ్ళింది.

"ఆగు దాలీ" అంది చిన్నతల్లి. "బాత్రూం తుడిసిన గుడ్డతోటి దేవుడి దగ్గరికెల్తావేటి?"

గడప మీద కర్ర ఆగిపోయింది. మా ఇంట్లో అంట్ల గుడ్డ వేరు, నేల గుడ్డ వేరు, దేవుడి గుడ్డ వేరు. అవి ఆరేసే తీగలే వేరు. ఆ పద్ధతి ఈ ఇంట్లో పెట్టిందే మా అత్త. అన్ని పనులకీ ఒకే కర్ర కావాలన్న ధ్యాసలో ఆవిడ తన పద్ధతే తను మర్చిపోయింది. ఆడవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకళ్ళిద్దరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళ మీద నాకొచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ రాత్రి మా అత్త అన్నం తినలేదు. పొద్దున్నే దొడ్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. పాకలో మూలనున్న మావయ్య ఎడ్లబండి దగ్గర నిలబడి, చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగేసే ఇనుప చీలని లాగుతోంది.

"నా బండి సీల నీకేలనే?" అని మావయ్య గాభరాపడ్డాడు.

"ఎడ్లని అమ్మీసినావు. బండి ఎక్కడికెల్తాదని?" అని చీల పీకి పట్టుకెళ్ళింది.

దాన్ని చూపించి అలాంటిదే చిన్న చీల చెయ్యమంది అప్పలసూరిని. కర్ర కొసన బెజ్జం పడింది. చీల లాగితే తల ఊడి వస్తుంది, ఇంకో తల పెట్టి చీల దిగేస్తే బిగుసుకుంటుంది. ఒంగక్కర్లేదు, కర్ర తిప్పి బల్ల మీద పెట్టుకుని మార్చుకోవచ్చు. గదులకి నూలు చీర తల, బాత్రూంకి వేరే రంగు తల, దేవుడి గదికి ఎవరూ కట్టని కొత్త గుడ్డ తల. గరుకు అరుగు రుద్దడానికి, ఎచ్చెర్ల అవతల సముద్రపు ఊరి నుంచి చేపలమ్మే ఆవిడ తెచ్చిచ్చిన చిరిగిన వల ముక్కతో ఒక తల. నీళ్ళు లాగడానికి ట్రాక్టరు ట్యూబు కోసి ఇంకో తల.

చిన్నతల్లి మళ్ళీ వచ్చి చూసింది. తలలకి వంక దొరకలేదు. "కర్ర ఒకటే కదా, మరి దానికి మైల నేదా?" అంది.

"నాను తానం సేసి అట్టుకుంటే దానికీ తానం అయినట్టే."

"సర్లే, ఇంట్లో నీ ఇష్టం. సంబరం నాడు మాత్రం సేతి గుడ్డే ఉండాల. అమ్మోరు గుమ్మంలోకొస్తంటే కర్ర సూపిస్తావేటి?"

మా అత్త తడుముకోలేదు. "ఘటానికి గొడుగడతారు కదప్పా, ఆ గొడుక్కి ఉన్నది కర్ర కాదేటి?"

చిన్నతల్లి మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది గానీ మాట ఊరంతా పాకింది. దాలమ్మ కర్ర చెల్లుతుందా చెల్లదా అని మావయ్యని రచ్చబండ దగ్గర కూడా అడిగారు. "నన్నడక్కండి, దాన్నే అడగండి" అన్నాడాయన. ఎవరికీ ధైర్యం చాలలేదు.

సంబరం నాడు మధ్యాహ్నం ఎండ మాడ్చేసి, సాయంత్రం ఉన్నట్టుండి వాన కొట్టింది. కాలవ పని కోసం వీధి పక్కన తవ్విపోసిన మట్టంతా బురదైంది. డప్పులు మొదలయ్యాయి. ఘటం మా వీధి మలుపు తిరిగేసరికి దాని వెనకాల జనం, జనం కాళ్ళకి బురద. ప్రతి ఇంటి దగ్గరా పెద్దవాళ్ళు గొంతుక్కూర్చుని గుడ్డతో తుడుస్తున్నారు, తుడిచిన చోటే బురద పడుతోంది. ఘటం మోస్తున్నాయన రెండిళ్ళ దగ్గర జారబోయాడు. పక్కవాళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది.

"అత్తా, ఇలగియ్యి, నాను తుడుస్తాను" అన్నాను. నిజంగా భయపడ్డాను. ఈ జనంలో ఆవిడ పడితే మళ్ళీ లేవదు.

"నువ్వు నీళ్ళు పొయ్యి" అంది.

పోశాను. వల తలతో అరుగు రుద్దింది. గరుకులో ఇరుక్కున్న మట్టి లేచొచ్చింది. చీల లాగింది, ట్యూబు తల పెట్టింది, ఒక్క లాగుడుకి నీళ్ళన్నీ వీధిలోకి పోయాయి. మళ్ళీ చీల లాగింది. కొత్త గుడ్డ తల పసుపు నీళ్ళలో ముంచి, పైపు తోసి పిండి, గుమ్మం ఆ కొస నుంచి ఈ కొసకి తుడిచింది. వెన్ను నిటారుగా ఉంది. కొంగు కూడా జారలేదు. డప్పుల వాళ్ళు కొట్టడం ఆపి చూస్తున్నారు.

ఘటం మోస్తున్నాయన అరుగెక్కాడు. ఒక కాలు మోపాడు, రెండోది మోపాడు. తలమీద ఘటం కదల్లేదు. నేను కాళ్ళకి పసుపు నీళ్ళు పోశాను. ఆయన కాసేపు అలాగే నిలబడి, "కాలు నిలబడిన గుమ్మం ఇదొక్కటే తల్లీ" అన్నాడు గట్టిగా, వీధంతా వినపడేలా. డప్పులు ఒక్కసారిగా లేచాయి. ఎవరో ఆడవాళ్ళు జేజేలు కొట్టారు. మావయ్య అరుగు కింద నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నాకూ ఏడుపొచ్చింది. మా అత్తని చూసి అంత పొంగిపోయిన రోజు నా జన్మలో ఇంకోటి లేదు.

ఘటం పక్క గుమ్మం వైపు తిరిగింది. అక్కడ చిన్నతల్లి గుడ్డ పట్టుకుని కూర్చుని ఉంది. తోసుకొచ్చిన జనం ఆవిడ అరుగంతా బురద చేసేశారు. ఘటం మోస్తున్నాయన ఆ అరుగు చూసి ఆగిపోయాడు.

"ఇది ఆరీదాకా నాను ఎక్కను" అన్నాడు.

చిన్నతల్లి గబగబా తుడిచింది, ఇంకా అలుముకుంది. లేవబోయి నడుం పట్టుకుంది. వీధంతా ఆవిడనే చూస్తోంది. ఒక్క క్షణం తలొంచుకుని, తరవాత మా గుమ్మంకేసి చూసింది.

"ఒసే దాలీ" అంది. "ఆ కర్ర ఓపాలి ఇలగియ్యే."

మా అత్త ఏమంటుందా అని చూశాను. అనడానికి ఆవిడ దగ్గర మాటలకి కరువా? మా అత్త మాత్రం చీల లాగి మా కొత్త గుడ్డ తల తీసేసింది. వల తల పెట్టి, జనాన్ని తప్పుకోమని తనే నడుచుకుంటూ వెళ్ళి, కర్రని చిన్నతల్లి చేతుల్లో పెట్టింది.

"నీ గుమ్మం నువ్వే తుడుసుకోవాలప్పా" అంది. "లే. నిలబడి తుడువు."