కాలరక్క బొంత

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కాలరక్క అనేవాళ్లు. ఇరవై ఆరేళ్లు చొక్కాలకు కాలర్లే కుట్టి ఎడమపక్క మిషనుకు తోసింది గానీ, ఒక్క చొక్కా కూడా పూర్తిగా కుట్టి ఎరగదు. చూపు మందగించిందని మొన్న పనిలోంచి తీసేశారు. ఆమె మెడ ఇంకా ముందుకే వంగి ఉంటుంది. ఊరికే కూర్చున్నా కుడి పాదం నేలను తొక్కుతూనే ఉంటుంది. చచ్చేలోగా ఏదో ఒక్కటైనా మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా తానే కుట్టాలని ఆమె పంతం. అందుకే, అదే లైనులో గుండీలు కుట్టిన స్నేహితురాలిని ఇంటికి పిలిచి, పాత బట్టల మూట నేలమీద కుమ్మరించింది. ఇద్దరూ చెరో బొంత మొదలుపెట్టారు.

"మెల్లిగా కానీవే, సూపర్‌వైజరు దెయ్యమై నీ వెనకేం నిలబడలేదు," అంది గుండీలామె. కాలరక్క రెండు ముక్కలు కలిపి కుట్టి, దారం పళ్లతో కొరికి, తలెత్తకుండానే ఎడమపక్కకు తోసేసింది. అది జారి గోడవారన పడింది.

"ఎవరికే ఆ పంపడం? అక్కడ గోడ తప్ప ఎవరున్నారు?"

కాలరక్క చేయి గాల్లోనే ఆగింది. "చేతులు కూడా ఫ్యాక్టరీవే అయిపోయాయే," అంది. లేచి, ఆ అతుకును ఒళ్లోకి తీసుకుని, ఈసారి ఎడమ భుజం గోడకు ఆనించి కూర్చుంది. మూడో ముక్క అందుకుంది.