మా అత్త చూసిన బంగారు గని

మా మేనత్త పోయింది. ఆదివారం పూజ ముగిశాక చర్చి బయటికి వచ్చి ఫోన్ తెరిస్తే కొత్తగూడెం నుంచి వరసగా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. సంగతి ఏమిటో అప్పుడే అర్థమైంది కానీ, తిరిగి చేయలేకపోయాను. అత్త పక్కింటి ఆవిడే మళ్లీ చేసింది. "మీ అత్త ఇగ లేదు బిడ్డా. దవాఖానకు తీస్కపోయేలోపల్నే పాణం పోయింది. గుండె అన్నరు" అంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం దాకా బస్సులో మా ఆయన నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. నేను ఏడవలేదు. సమాధుల దగ్గర మట్టి వేసినప్పుడూ ఏడవలేదు. అత్త ఇంటికొచ్చి వంటగదిలో మూత తీసి చూస్తే గిన్నెలో పెసలు నానుతున్నాయి. మర్నాడు పొద్దున తినడానికి నానేసుకుంది. అక్కడ కూలబడి ఏడ్చాను.

ఆమె మా నాన్నకు అక్క. మామ బొగ్గు గనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకే ఆ కప్పే కూలి బండ కింద పోయాడు. పిల్లలు లేరు. కంపెనీ వాళ్లు ఆమెకు గని క్యాంటీన్‌లో పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా అక్కడే పూరీలు వత్తింది, చాయ్ కాచింది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేసి బస్తీ చివర రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుంది. మా దగ్గరికి వచ్చెయ్ అత్తా అని ఎన్నిసార్లు బతిమాలానో. "ఖమ్మంల మీ ఖానాపురం హవేలి బస్తీల ఏమున్నది? పొద్దుగాల అందరు బండ్లెక్కి పోతరు, నేను గోడలతోటి మాట్లాడాల్నా?" అనేది. అసలు కారణం అది కాదని నాకు తెలుసు.

ఇంటర్ రెండేళ్లూ ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాను. మనిషి నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది. షిఫ్టు దిగి మసి ముఖంతో క్యాంటీన్‌కు వచ్చిన వాళ్లకు చాయ్ కంటే ముందు చెంబుడు నీళ్లు ఇచ్చేది. "ముందు మొకం కడిగి మనిషివి కా, ఎవడివో తెలుస్తది" అని కసిరేది. ఇంట్లోంచి ఎవరైనా బయటికి పోతే వాళ్లు మలుపు తిరిగేదాకా గడప ఊడవనిచ్చేది కాదు. ఒకసారి నేను లెక్కల్లో తప్పి ముసుగు తన్ని పడుకుంటే, పక్కన కంచం పెట్టి కూర్చుంది. "బువ్వ తిని ఏడువు. ఖాళీ కడుపుతోటి ఏడిస్తే ఏడుపు సుత సక్కగ రాదు" అంది. తిన్నాక నిజంగానే ఏడుపు రాలేదు. ఇప్పటికీ మా ఇంట్లో పిల్లలు అలిగితే నేను అదే మాట అంటాను.

అయితే ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. చివరి రెండేళ్లలో అది పూర్తిగా ఆగిపోయింది. ఎలా ఆగిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగగానే, ఇంట్లో ఉన్న రోజు, చేతిలో పని ఏదున్నా వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. రోడ్డు మీద సైకిళ్లు, తర్వాతి కాలంలో మోటారు సైకిళ్లు, గుంపుగా పోయేవి. చివరి మనిషి కూడా దాటిపోయాక లోపలికి వెళ్లేది. మామ పోయింది ఆ షిఫ్టులోనే. ఇది ఒకనాటిది కాదు, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. "ఎవరి కోసం అత్తా?" అని చిన్నప్పుడు అడిగితే, "ఎవ్వరి కోసం లేదు, గాలికి" అంది.

పెద్దయ్యాక ఒకసారి తనే చెప్పింది. ఇద్దరం చింతపండు గింజలు తీస్తున్నాం. "మీ మామ ముఖం నాకు చూపియ్యలే బిడ్డా. పెట్టె మూసి తెచ్చిండ్రు. చూడొద్దమ్మా, నువ్వు తట్టుకోలేవన్నరు. మూసిన పెట్టె మీద మన్నేసి వచ్చిన. మనిషి పోయినట్టు చెవులకు తెలిసింది, కండ్లకు తెల్వలే. సైరన్ కూస్తే కాళ్లు వాటంతటవే లేస్తయ్. నేనేం జేయాలె?" ఒక్కసారి గని లోపలికి దిగి ఆ చోటు చూసి వస్తానని ఆఫీసులో అడిగిందట. ఆడవాళ్లను లోపలికి పంపే రోజులు కావు అవి. మళ్లీ అడగలేదు. గింజలు తీస్తూనే చెప్పింది ఇదంతా.

మనసు చెదిరిన మనిషేమో అనుకుంటారేమో, కానే కాదు. కూరగాయల వాడు తూకంలో మోసం చేయబోతే వాడి ఏడు తరాలు ఎత్తేది. సమాధుల పండుగకు మామ సమాధికి తనే సున్నం వేసేది, కొవ్వొత్తులు పెట్టేది. అక్కడ ఏడ్చేది కాదు. ఇంటికొచ్చి సైరన్ మోగితే మాత్రం గుమ్మంలో ఉండేది. ఆమె అలా నిలబడితే మా నాన్న లేచి పెరట్లోకి పోయేవాడు. చూడలేకపోయేవాడు.

పోయినేడాది కాక అంతకు ముందటి ఎండాకాలం సెలవుల్లో ఆమెను ఊటీ తీసుకుపోయాం. ఖమ్మంలో రైలెక్కి కోయంబత్తూరులో దిగి, అక్కడ కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ తమిళుడే కానీ తిరుపతి యాత్రికులను తిప్పి తిప్పి తెలుగు పట్టుబడింది. కొండ ఎక్కుతున్నంతసేపూ అత్త కళ్లు మూసుకుని జపమాల తిప్పింది. పైకి వెళ్లాక చీర మీద మా ఆయన స్వెటర్, నెత్తికి మంకీ క్యాప్. "ఎండకాలంల గిట్ల వణుకుడేంది? పైసలిచ్చి సలి కొనుక్కున్నట్టున్నది" అని సణిగింది. సరస్సు చూడగానే మాత్రం సణుగుడు ఆగింది. నీలగిరి చెట్ల నడుమ అంత నీళ్లు, నీళ్ల మీద రంగు రంగుల పడవలు. చాలాసేపు చూసి, "కొండ మీద గిన్ని నీళ్లు ఎట్ల నిలబడ్డయి బిడ్డా, కిందికి జారిపోకుంట?" అని అడిగింది. పడవ ఎక్కమంటే ఎక్కలేదు. "నేల మీదనే సక్కగ నడవస్తలేదు, నీళ్ల మీద నాకేం పని" అంది.

మర్నాడు టీ తోటలు చూద్దామని గూడలూరు వైపు దిగుతుంటే డ్రైవర్ మాటల్లో అన్నాడు. "ఇంకా ముందుకు పోతే దేవాల, పందలూరు వస్తాయమ్మా. ఒకప్పుడు తెల్ల దొరలు అక్కడ బంగారం కోసం తవ్వారు. ఊళ్లకు ఊళ్లే లేచాయి. బంగారం సరిగా పడలేదు, వదిలేసి పోయారు. సొరంగాలు ఇంకా ఉన్నాయి." వెనక సీట్లో నిద్రపోతున్నదనుకున్న అత్త లేచి కూర్చుంది.

"గని లోపలికి పోనిస్తరా?"

"గని ఎక్కడుందమ్మా ఇప్పుడు, ఉత్త గుహే. ఎవరూ పోరు. మంచిది కాదు."

"ఆడోళ్లను పోనిస్తరా అని అడుగుతున్న."

డ్రైవర్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వద్దన్నాను. ఆమె మోకాళ్ల సంగతి, గుండె సంగతి, ఎన్ని చెప్పానో. పాత సొరంగం, పైన ఏ రాయి ఎప్పుడు ఊడుతుందో తెలియదన్నాను. ఆ మాట నోరు జారి వచ్చింది. ఆమె కోపం తెచ్చుకోలేదు. "గా సంగతి నాకు తెల్వదా బిడ్డా?" అని మాత్రం అంది. మా ఆయన కారు అటే పోనివ్వమన్నాడు.

టీ చెట్ల మధ్య సన్నని బాట. ఆవులు మేపుకుంటున్న ముసలాయన దారి చూపించాడు. గుట్ట పక్కన, చెట్ల వేర్లు వేలాడుతూ, మనిషి కొంచెం వంగితే పట్టేంత సొరంగం. లోపలి నుంచి చల్లటి గాలి వస్తోంది. అత్త చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, తువ్వాలు తలకు చుట్టుకుని, శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత మా వైపు తిరిగి చెయ్యి చాపింది.

"అగ్గిపెట్టెలు, బీడీలు, ఏమున్నా ఈడ పెట్టుండ్రి."

బొగ్గు గనిలో గ్యాస్ ఉంటుంది. నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. అందుకే దిగే ముందు ప్రతి మనిషినీ తడిమి చూస్తారు. గని అంటే ఆమెకు తెలిసింది అదొక్కటే. "అమ్మా, ఇది బంగారం గని, గ్యాస్ ఉండదు" అని డ్రైవర్ నవ్వబోయాడు. ఆమె వాడి చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె, అగ్గిపెట్టె తనే తీసి రాయి మీద పెట్టింది. "నీకేం ఎర్క? నలుగుర్ని సంపుతవా?" అంది. తర్వాత మా సెల్ ఫోన్లు కూడా పెట్టించింది. అత్తా, అదే కదా మనకు లైటు అంటే వినలేదు. ఎదురు చెప్పడానికి నాకు మనసు రాలేదు.

అలా వెలుతురు లేకుండానే లోపలికి పోయాం, నేనూ ఆమే. మా ఆయన, డ్రైవర్ మొదట్లోనే నిలబడ్డారు. కాళ్ల కింద చీలమండ దాకా నీళ్లు. వెంట తెచ్చుకున్న గొడుగు కర్రతో పైకప్పును పొడుస్తూ, బండ గట్టిదో కాదో చెవి పెట్టి వింటూ నడిచింది. మామ ఇంట్లో కూడా పైకప్పును అలా తట్టి చూసేవాడట. సొరంగం ఒక్క వంపు తిరగ్గానే వెనక వెలుగు పోయింది. నా చెయ్యి నాకు కనపడలేదు. భయంతో ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎక్కడో నీటి చుక్కలు పడుతున్నాయి. ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"ఇగో" అంది అత్త. నాతో కాదు. "ఇగో, నేనొచ్చిన."

మామ పేరు ఆమె ఎన్నడూ పలికి ఎరగదు. భర్తను పిలిచే ఆ 'ఇగో' ఆమె నోట నేను అంతకు ముందు విన్నది కూడా లేదు. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత నా వేళ్ల మీద తన చెయ్యి వేసి, "సల్లగున్నది గదనే. నేను గని లోపల మంట లెక్కుంటదనుకున్న ఇన్నేండ్లు" అంది.

బయటికి వచ్చాక వెలుగు తగిలి ఇద్దరికీ కళ్లు మూతలు పడ్డాయి. మా ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. ఆమె వేసుకోలేదు. సొరంగం వైపు తిరిగి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. వాన పడేలా ఉంది, పోదాం అత్తా అన్నాను. "ఆగు" అంది. డ్రైవర్ మా ముఖాలు మార్చి మార్చి చూస్తున్నాడు. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరన్నట్టు తల ఊపాను. ఆవుల ముసలాయన కూడా వచ్చి మా పక్కన నిలబడి లోపలికి చూడసాగాడు.

చాలాసేపటికి ఆమె చెయ్యి కిందికి దించింది.

"పా బిడ్డా" అంది. "ఇగ రాడు."

మర్నాడు తిరుగు ప్రయాణం. పొద్దున సరస్సు దగ్గరికి ఇంకోసారి పోదామని తనే అడిగింది. పడవ కూడా తనే ఎక్కింది, నా భుజం పట్టుకుని, పడవ వాణ్ణి తిడుతూ. కాస్త దూరం పోయేసరికి తిట్లు ఆగాయి. చూస్తే నా భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. పట్టపగలు ఆమె నిద్రపోగా నేను ఎన్నడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మంకీ క్యాప్ ఒక పక్కకు జారింది. పడవ ఒడ్డుకు వచ్చింది. లేపమన్నట్టు పడవ వాడు సైగ చేశాడు. నేను వద్దని తల అడ్డంగా ఊపి, ఇంకో చుట్టు తిప్పమన్నాను.