పన్నెండు వాల్వులకు నేను పెట్టిన మెరుగు

మెరుగు పెట్టి కొంప ముంచినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి. అణు విద్యుత్ కేంద్రం గడప తొక్కకుండానే అక్కడి నియమాలను ఒక్క పూటలో మట్టి కరిపించిన ఘనత నాది.

అప్పుడు కాటేదాన్ పారిశ్రామికవాడలోని ఓ చిన్న వాల్వుల షెడ్డులో నాణ్యత విభాగానికి నేను అధిపతిని. విభాగంలో నేనొక్కణ్నే లెండి. యజమాని సుబ్బారావు గారిది ఒకటే తపన.

"ఇంత చిన్న వాల్వు కోసం మనలాంటి దేశాలు ఇంకా బయటివాళ్ల వైపు చూడాలా? మన రియాక్టర్లకు మనమే చేద్దామండీ!"

ఏళ్ల తరబడి కాగితాలు నడిపి, ఎట్టకేలకు అణు విద్యుత్ కేంద్రం తరఫున ఒక పరీక్షాధికారి వచ్చేలా చేశారు. ఆవిడ సరేనంటే షెడ్డు దశ తిరిగినట్టే.

ముందురోజు మధ్యాహ్నం బల్ల మీద పన్నెండు నమూనా వాల్వులు వరసగా పెట్టాం. ఒక్కోదాని ఒంటి మీద సుత్తితో కొట్టిన వంకరటింకర అంకెలు. నా చేతులు ఊరుకోవుగా!

"యాదయ్యా, ఈ గీతలు అరగదీసెయ్. పెళ్లిచూపులకు మొటిమలతో పంపుతామా?"

యాదయ్య మా గ్రైండర్ మనిషి. శంషాబాద్ పక్క ఊళ్లో వాళ్లది వ్యవసాయ కుటుంబం. "గవి నంబర్లు సార్. ముట్టకుర్రి, పరేషాన్ అయితది."

"రిజిస్టర్‌లో రాసే ఉన్నాయిగా!"

"నేనైతే ముట్ట. ఇగ మీ ఇష్టం."

నేనే ముట్టాను. సాయంత్రానికి పన్నెండూ అద్దాల్లా తయారయ్యాయి. ఒకదాంట్లో చూసుకుని తల కూడా దువ్వుకున్నాను.

మర్నాడు యజమాని కారులో విమానాశ్రయానికి వెళ్లి పరీక్షాధికారి సుమిత్ర గారిని ఎక్కించుకున్నాను. కూర్చోగానే ఆవిడ అన్నారు: "ముందు వాల్వుల మీద నంబర్లు చూస్తానండీ. ఏ ఉక్కు ఏ కొలిమిలో, ఏ విడతలో కరిగిందో చెప్పేవి అవే. రేపు ఒక వాల్వు పగిలిందనుకోండి, దాని తోబుట్టువులు ఏ రియాక్టర్లో ఉన్నాయో ఇంకెలా వెతుకుతాం?"

స్టీరింగ్ నా చేతుల్లో సబ్బుముక్కలా జారింది.

కాటేదాన్‌కు గగన్‌పహాడ్ మీదుగా పోవాలి. నేను కారును తుక్కుగూడ వైపు తిప్పాను.

"ఇటు దూరం కాదుటండీ?"

"గాలి బాగుంటుంది మేడమ్!"

పెట్రోల్ బంకులో ఆగి, దూరంగా వెళ్లి యాదయ్యకు ఫోన్ చేశాను. "రిజిస్టర్ చూసి నంబర్లన్నీ మళ్లీ కొట్టెయ్. తొందరగా!" అని పెట్టేశాను. తిరిగొచ్చి బండి నడుపుతున్నానే గానీ, సీట్లో ముళ్లున్నట్టే ఉంది. అద్దం దించాను, ఎత్తాను, మళ్లీ దించాను. ఇంతలో ఫోన్ మోగింది. అది కారు స్పీకర్‌కు కలిసి ఉందన్న సంగతి నాకెక్కడ గుర్తుంది!

"సార్," యాదయ్య గొంతు కారంతా నిండిపోయింది, "అన్ని ఒక్కతీరుగ మెరుస్తున్నయి. ఏ నంబరు దేనిదో ఎట్ల ఎరుక? మీరే అరగదీస్తిరి. తప్పు నంబరు నేను కొట్ట. కొలువు పోయినా కొట్ట!"

నేను బండి పక్కకు ఆపి, మొత్తం ఒప్పేసుకున్నాను.

సుమిత్ర గారు నవ్వారు. "నంబర్లు చెరపడం తెలియనితనం. దొంగ నంబర్లు కొట్టించడం నేరం. ఆయన మిమ్మల్ని ఒడ్డున పడేశాడు. ఇప్పుడైనా కారు వెనక్కి తిప్పండి."

పన్నెండు వాల్వులనూ ఆవిడ తిరస్కరించారు. మళ్లీ చేయించడానికి ఐదు నెలలు పట్టింది. రెండోసారి ఆవిడ వచ్చినప్పుడు నంబర్ల పని యాదయ్య చేతిలో ఉంది. ఆమోదం దొరికింది. మొదటి నివేదికను మాత్రం సుబ్బారావు గారు పటం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. అందులో ఆవిడ రాసిన వాక్యం: "మెరుగు అమోఘం. ఏ వాల్వు ఏ ఉక్కుదో తెలియదు."

అందుకే అగ్నిసాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పేరు గానీ, నంబరు గానీ చెక్కి ఉన్న ఏ లోహాన్నీ ఈ జన్మలో తోమను. మా ఇంట్లో స్టీలు గిన్నెలన్నిటి మీదా మా ఆవిడ పేరు చెక్కి ఉంది. ఈ ప్రతిజ్ఞను ఆవిడ ఇంకా ఆమోదించలేదు.