తాళం వేసిన నిశ్చితార్థం

కల్లూరులో నా చిన్న స్టూడియో వెనకగదిలో ఒక పాత ఇనుప బీరువా ఉంది. దాని తలుపు తీస్తే ముందు నాఫ్తలిన్ ఉండల ఘాటు, దాని వెనకే మల్లె అత్తరు వాసన ముక్కుకు తగులుతాయి. లోపల ఉన్నవి పట్టుచీరలు కావు, హార్డ్ డిస్కులు. ఒక్కొక్కటీ ఉతికిన మల్లుగుడ్డలో చుట్టి వరసగా పేర్చి ఉంటాయి. ఈ ఉదయం ఏదో కేబుల్ కోసం తలుపు తీశాను. వాసన తగలగానే కేబుల్ సంగతి మరిచిపోయి స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ గుడ్డలకు అత్తరు అద్ది చుట్టింది ఖాదర్ భాయ్. "నాఫ్తలిన్ బట్టలకు గానీ వీటికెందుకు భాయ్? చెదలు హార్డ్ డిస్కును తింటాయా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. "చెదకు చదువు రాదు బేటీ. ఏది తినాలో ఏది వద్దో దానికేం తెలుస్తాది?" అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు.

కర్నూలు పాతబస్తీలో, చెప్పుల కొట్టుకూ చాయ్ హోటలుకూ మధ్య ఇరుక్కుని ఉండేది భాయ్ స్టూడియో. పొడుగ్గా, కొంచెం వంగి ఉండే మనిషి. మెడలో కెమెరా లేకపోతే చొక్కా వేసుకోవడం మరిచిపోయినట్టు ఇబ్బంది పడేవాడు. శెట్టిగారింటి పెళ్ళయినా, మా చర్చిలో పెళ్ళయినా భాయ్ వచ్చాడంటే ఇంటివాళ్ళకు ధీమా. నేను ఓర్వకల్లు పక్క పల్లె నుంచి, ఆల్బమ్ డిజైనింగ్ నేర్చుకుని, ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు మా నాన్న వెంట వచ్చాడు. నాన్న మా చర్చిలో సంఘపెద్ద. లోకాన్ని అనుమానించడం ఆయనకు ప్రార్థన అంత అలవాటు.

"ఆడపిల్లను పంపిస్తాండా. ఈడ భయం ఏమీ లేదు కదప్పా?" అని నాన్న సూటిగానే అడిగాడు.

భాయ్ నవ్వలేదు. "ఊర్లో ఆడపిల్లలందరి ఫొటోలు పెట్టుకుని కూచోనుండా. నాకు దినామూ భయమే అయ్యా. భయం ఉండేవాని దగ్గరే నీ బిడ్డను పెట్టు" అన్నాడు. నాన్నకు ఆ జవాబు ఎంత నచ్చిందంటే, జీతం ఎంతని అడగడం కూడా మరిచిపోయి బస్సెక్కాడు.

ఆ భయం ఏమిటో నాకు త్వరలోనే తెలిసింది. ఒకావిడ వచ్చి, ఫలానావాళ్ళ పెళ్ళి ఫొటోలు ఒకసారి చూపించమంది. పెళ్ళికూతురి చీర అంచు బాగుందట, అలాంటిదే తన కూతురికి కొనాలట. ఆవిడ ఆ పెళ్ళికి వెళ్ళొచ్చిన మనిషే. నేను కంప్యూటరు వైపు తిరిగే లోపే భాయ్ అడ్డం వచ్చాడు. "చీర చూడాలంటే చీరల కొట్టుకు పోమ్మా. ఈడ మనుషులు ఉండారు" అన్నాడు. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. చీర చూపిస్తే ఏం పోతుందని నేను సణిగాను. అప్పుడు చెప్పాడు నాకు అమానత్ అనే మాట. ఒకరు నమ్మి మన దగ్గర దాచుకున్న వస్తువు. దాన్ని వాడకూడదు, పారేయకూడదు, ఎవరికీ చూపకూడదు, అడిగిన రోజు ఇచ్చెయ్యాలి. "తీసినోణ్ణి నేనే అయినా ఫొటో నాది కాదు బేటీ" అన్నాడు. చాదస్తం అనుకున్నాను. అప్పట్లో నాకు చాలా విషయాలు చాదస్తంగానే కనిపించేవి.

నేను చేరక ముందే భాయ్ లాప్‌టాప్ ఒకటి బస్టాండులో పోయింది. అందులో ఒక పెళ్ళి మొత్తం ఉంది. ఆ ఫొటోలు ఎక్కడా బయటికి రాలేదు, కానీ వస్తాయేమోనని ఆయన చాలా రోజులు అన్నం సహించక తిరిగాడట. చివరికి, జుట్టు నెరిసిన వయసులో, ఒక కంప్యూటర్ సెంటరులో కుర్రాళ్ళ పక్కన కూర్చుని ఫైళ్ళను ఎన్‌క్రిప్ట్ చేయడం నేర్చుకున్నాడు. నాకు నేర్పింది కూడా ఆయనే. "ఇది తలుపుకు తాళం కాదు. తలుపు పగలగొట్టొచ్చు. ఇది ఇంట్లో జొన్నలన్నీ పిండి ఆడించి పెట్టినట్టు. దొంగ వచ్చినా పిండే దొరుకుతాది. పాస్‌వర్డు కొడితేనే పిండి మళ్ళా గింజలయ్యేది." అంతకన్నా మంచి పాఠం నేను ఆ తర్వాత ఎక్కడా వినలేదు. అయితే గురువుగారు నేర్చుకున్న ఉత్సాహంలో మొదట తాళం వేసింది సొంత ఫొటోలకే. భార్య బేగంతో కలిసి అజ్మీర్ దర్గాకు వెళ్ళొచ్చిన ఫొటోలు. తర్వాత పాస్‌వర్డు మరిచిపోయాడు. ఆ గింజలు ఇప్పటికీ పిండిగానే ఉన్నాయి. అజ్మీర్ పేరెత్తితే చాలు, బేగం ఆయన వైపు ఒక చూపు చూసేది.

ఆ దెబ్బతో, మనిషి ఎప్పటికీ మరవని పాస్‌వర్డు ఏదా అని ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ముహూర్తం! తేదీ, గంట, నిమిషం. పెళ్ళి ముహూర్తాన్ని మరిచేవాళ్ళు ఉంటారా? పైగా భాయ్‌కి ఒక నియమం ఉండేది. ఫైలు ఒక దోవన పోవాలి, పాస్‌వర్డు ఇంకో దోవన పోవాలి. పెన్‌డ్రైవ్ పార్శిల్లో పంపితే, పాస్‌వర్డు ఫోన్లో నోటితోనే చెప్పాలి. ఇంత జాగ్రత్తా పడి, "మీ ముహూర్తమేనమ్మా మీ పాస్‌వర్డు" అని ఊరందరికీ గొప్పగా చెప్పేవాడు. కొందరు దాన్ని కాగితం మీద రాసి, అదే పెన్‌డ్రైవ్‌కు అంటించుకునేవాళ్ళు. భాయ్ తల పట్టుకునేవాడు. వాళ్ళను చూసి మేమిద్దరం నవ్వుకున్నాం గానీ, మేము చేస్తున్నదీ అంతకంటే తెలివైన పనేమీ కాదని మా ఇద్దరికీ తట్టలేదు.

తట్టించింది ఒక అమ్మాయి. ఆమెను మంజుల అంటాను. ఇది రాస్తానంటే సరేనని, పేరు మాత్రం మార్చమంది. వాళ్ళది కర్నూలులో కిరాణా కొట్టు ఉన్న శెట్టిగారి కుటుంబం. రాజంపేట సంబంధం కుదిరి నిశ్చితార్థం ఘనంగా చేశారు. దానికి కూడా కార్డులు కొట్టించిన ఇల్లు అది. భాయ్ ఫొటోలు తీశాడు. ఉంగరం తొడగడం, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టడం, చేతిలో చెయ్యి వేయించడం, ఇప్పటివాళ్ళు అడిగేవన్నీ తీశాడు. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకోమని ఒక పెన్‌డ్రైవ్ శెట్టిగారింటికి ఇచ్చి, ఇంకొకటి రాజంపేటకు బస్సు పార్శిల్లో వేశాం. ఆ మర్నాడే సంబంధం చెడింది. వద్దన్నది మంజులే. పెళ్ళికొడుకు అన్న ఫోన్ చేసి, "ఫొటోలు వస్తాండాయి కదా, మీ పిల్ల మావానితో ఎట్లా నిలబడిందో ఊరూరా గ్రూపుల్లో పెడతాం, యాడ పెండ్లి చేస్తారో చూస్తాం" అన్నాడట.

మంజుల మాకు ఫోన్ చేసింది. ఆ బెదిరింపు సంగతి చెప్పింది. భాయ్ ధైర్యం చెప్పాడు. "తాళం ఉండాది తల్లీ. నేను చెప్పందే తెరుచుకోదు."

"తాళం ముహూర్తమే కదా అంకుల్?" అంది మంజుల. "కార్డు వాళ్ళింట్లో కూడా ఉండాది కదా."

భాయ్ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం నేను చూశాను. ముహూర్తం రహస్యం ఎలా అవుతుంది? నలుగురికీ తెలియాలని కార్డు కొట్టించి, పసుపు రాసి, ఇంటింటికీ పంచేదే ముహూర్తం! రాజంపేట పార్శిల్ కౌంటరుకు ఫోన్ చేశాం. మోగింది, ఎవరూ ఎత్తలేదు. భాయ్ పార్శిల్ రసీదు జేబులో పెట్టుకుని, ఉన్న చొక్కాతోనే బస్సెక్కాడు. వాళ్ళు ముందే వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకుని ఉంటే ఇక చేయగలిగిందేమీ లేదు. నేను స్టూడియోలో కూర్చుని ఏ పనీ చేయలేకపోయాను. మంజుల మాటిమాటికీ ఫోన్ చేసి, ఏమీ అడగకుండా "అక్కా" అని ఊరుకునేది. నేను లైన్లోనే ఉండేదాన్ని. మా నాన్న నేర్పిన ప్రార్థనలన్నీ ఆ రోజు పనికొచ్చాయి.

సాయంత్రం భాయ్ ఫోన్ చేశాడు. "చిక్కింది బేటీ. ఇంకా వాళ్ళు రాల్యా. పాపకు చెప్పు, అన్నం తినమను" అన్నాడు. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆయన ఏడుస్తున్నాడని తెలిసి నేను ఫోన్ పెట్టేశాను.

తిరిగి వచ్చాక తన తప్పును ఎవరి మీదా నెట్టలేదు. "నా అంత తెలివైనోడు కర్నూల్లో లేడనుకుంటి. ఉండాడు, అద్దంలో" అని తనను తానే వెక్కిరించుకున్నాడు. శెట్టిగారు కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, "అన్నీ చెరిపేయప్పా, ఒక్కటి కూడా ఉండొద్దు" అన్నాడు. చెరిపేయడమే మంచిదని నాకూ అనిపించింది. భాయ్ మంజుల వైపు తిరిగాడు. "చెరిపేది నిమిషం పని శెట్టిగారూ. మళ్ళా రమ్మంటే రావు. ఫొటోల్లో ఉండేది పాప. పాప చెప్పనీ."

"చెరపొద్దు అంకుల్" అంది మంజుల. తండ్రి ఎందుకని గద్దించాడు. "వద్దు నాయనా, అంతే" అని తల వంచుకుంది. భాయ్ ఇంకేమీ అడగలేదు. ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, పాస్‌వర్డు ఆమెనే పెట్టుకోమన్నాడు. "పుట్టినరోజు వద్దు, పేర్లు వద్దు, కార్డులో ఉండేది అసలే వద్దు. నీ మనసులో తప్ప యాడా లేని మాట పెట్టు. మర్చిపోతే నేనూ తెరవలేను. బాగా ఆలోచించుకో" అని చెప్పి, శెట్టిగారినీ నన్నూ పక్క హోటలుకు తీసుకుపోయి చాయ్ తాగించాడు. ఆ తర్వాత పాత పెళ్ళిళ్ళవాళ్ళందరినీ పిలిపించి కొత్త తాళాలు వేయించాం. ఆ పని తెమిలే సరికి ప్రాణం విసిగిపోయింది. నేను గొణుగుతుంటే ఆయన వినిపించనట్టు నటించేవాడు.

భాయ్ గుండె జబ్బుతో పోయాడు. కొడుక్కు టైల్స్ వ్యాపారం, ఫొటోల మీద ఆసక్తి లేదు. ఆసుపత్రిలో ఉండగానే డిస్కులన్నీ నాకు అప్పజెప్పాడు. "పెట్టెలు నీకు. తాళంచెవులు వాళ్ళ దగ్గర ఉండాయి. నువ్వు పెట్టె పోగొడితే వాళ్ళ చెవులు దేనికీ పనికిరావు" అన్నాడు. అందుకే ఎండాకాలం నా గదిలో ఫ్యాను ఆగినా ఫరవాలేదు గానీ, ఆ బీరువా ఉన్న గది చల్లగా ఉండాలని కిటికీకి తడిపిన గోనెపట్టాలు కడతాను. మా ఆయన నవ్వుతాడు. నవ్వుకోనీ.

ఈ మధ్య మంజుల వచ్చింది. పెళ్ళయి కడపలో ఉంటోంది, బడిలో టీచరు. మనిషి నిండుగా, కళగా ఉంది. వాళ్ళ అవ్వ పోయిందట. "పటం కట్టిద్దామంటే ఒక్క ఫొటో లేదక్కా. ఆధార్ కార్డులో ఉండాది గానీ, దాంట్లో అవ్వ ఎవరినో కొట్టి వచ్చినట్టు ఉండాది" అని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. నిశ్చితార్థం నాడు భాయ్ అవ్వను తీసిన ఫొటో ఉందట. డిస్కు వెతికి తీసి ఆమె ముందు పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఆమె కొట్టింది. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టింది. లేదు. నా వైపు తిరిగిన ముఖం వాడిపోయి ఉంది. "నువ్వేమన్నా చెయ్యలేవా అక్కా?" చెయ్యలేనని చెప్పాను. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో, భాయ్ ఎందుకంత భయంతో బతికాడో ఆ నిమిషంలో నాకు పూర్తిగా అర్థమైంది. మంజుల కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. పెదవులు కదిలాయి. తర్వాత, ఈసారి తొందర లేకుండా, ఒక్కో అక్షరమే కొట్టింది. ఫొటోలన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి.

ఉంగరాలూ దండలూ దాటుకుంటూ పోయి ఒక ఫొటో దగ్గర ఆగింది. అవ్వ మనవరాలి చెవి దగ్గరికి వంగి, బోసినోటితో పకపకా నవ్వుతోంది. "ఏం చెప్తాండాదో తెలుసా అక్కా?" అంది మంజుల. "'నీ మొగం చూస్తేనే నాకు తెలుస్తాండాది. నీకు వద్దంటే వద్దు. మీ నాయనతో నేను మాట్లాడ్తా, నువ్వు ఏడ్వాకు' అన్నింది. అందరూ చూస్తాండారని నవ్వుతా చెప్పింది. ఆ మాట లేకుంటే నేను తలొంచుకుని తాళి కట్టించుకుని ఉంటి."

ఆ ఫొటో తీసినవాడికి ఈ సంగతి తెలియదు. అయినా దానికోసం రాజంపేట దాకా పరిగెత్తాడు, తండ్రి చెరిపేయమంటే ఆగాడు, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. దాచిపెట్టమన్నవాళ్ళు కారణం చెప్పనక్కరలేదు. ఆయన దగ్గర నేర్చుకుని నేను ఇప్పటికీ మోస్తున్నది అదే, సంతోషంగానే మోస్తున్నాను.

అవ్వ ఒక్కతే ఉండేలా ఫొటో కత్తిరించాను. ఎంత కత్తిరించినా పక్కన మంజుల చెవి, జుంకా కొంచెం మిగిలాయి. తీసేయనా అని అడిగితే, "చెవి ఉండనీ అక్కా" అంది. మిగతా వాటికి మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళింది. ఇప్పుడు కడపలో వాళ్ళింటి గోడ మీద అవ్వ పటంలో నవ్వుతోంది. వచ్చినవాళ్ళంతా, ముసలామె ఎవరి చెవిలోనో ఏదో వేళాకోళం ఆడుతోందనుకుంటారట. అనుకోనీలే.