సారు చివర నుంచి మొదలుపెట్టేవారు

మా లెక్కల సారు పోయారు. తెల్లవారుతుండగా గోరిమేడు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. రేపటి కూర గురించి ఇవాళే ఆలోచించే మనిషి ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం ఆయన పద్ధతికే విరుద్ధమని ఈ శిష్యుడు సవినయంగా ఆక్షేపిస్తున్నాడు.

ఒర్లియంపేటలో మేడ మీద ఆయన ట్యూషన్. లెక్క ఇచ్చాక కాసేపు ఎవరూ పెన్ను ముట్టకూడదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. నేను ఆగలేక పేజీ నిండా కొట్టివేతలతో చూపించేవాణ్ణి.

"ఏందిరా ఇది, కోడి గెలికినట్టు? యాడికి పోవాలో తెలీకుండా బస్సెక్కేసినావా? ముందు చివర చూడు. ఆడ్నించి యెనక్కి రా."

"చివర తెలిస్తే ట్యూషన్‌కెందుకొస్తాను సార్?"

"ఏం కావాల్నో తెలిస్తే చాలురా జోకరూ. ఎంతనేది తర్వాత."

మార్కెట్‌లోనూ అంతే. సంచి ఎలా నిండాలో ముందే తలచుకుని గుమ్మడికాయతో మొదలుపెట్టేవారు, టమాటాలతో ముగించేవారు. నేను నవ్వేవాణ్ణి. మా ఇంటి సంచిలో మాత్రం టమాటాలు పచ్చడై వచ్చేవి.

ఆ ఉదయం ఆయన్ని అద్దం మూత ఉన్న ఐస్ పెట్టెలో ఇంటికి తెచ్చారు. మేడ మీద మంచం పట్టిన అవ్వ, సారు తల్లి, "నా బిడ్డను ఒక్కసారి చూపియ్యండప్పా" అని ఒకటే ఏడుపు. సరేనని మేడెక్కించబోతే పెట్టె మెట్ల మలుపులో ఇరుక్కుంది.

"ఎత్తన్నా!" "తిప్పప్పా!" "అద్దం, అద్దం!" తలా ఒక మాట. కింద నుంచి తోస్తూ నేనూ అరుస్తున్నాను. సారు ఉంటే అందరి చేతులూ తొడల కింద పెట్టించేవారనిపించింది.

"అందరూ ఆగండి" అన్నాను. నేను నవ్వకుండా మాట్లాడటం ఎవరూ ఎరగరు కనుక ఆగారు.

ఏం కావాలి? అవ్వ కొడుకును చూడాలి. పెట్టె మేడెక్కాలని ఎవరన్నారు?

"పెట్టె దించండి. అవ్వనే కుర్చీలో కిందికి తెద్దాం."

"పడిపోతాదేమోరా" అన్నాడు పక్కింటి మామ.

"ముందు ఖాళీ కుర్చీ దించి చూద్దాం మామా."

మలుపులో కుర్చీ కాలు గోడకు తగిలింది. వెనక్కి ఎక్కించి, కుర్చీ వీపు గోడవైపు తిప్పి మళ్లీ దించాం. వచ్చింది. ఆ తర్వాతే అవ్వను కూర్చోబెట్టి, నేను వెనక్కి నడుస్తూ, మామ పైన పట్టుకుని, మెట్టు మెట్టూ దిగాం. ఎవరూ అరవలేదు.

కుర్చీని పెట్టె పక్కన ఆనించాం. చలికి అద్దమంతా నీటి మసక. అవ్వ కొంగుతో తుడిచింది. కొడుకు ముఖం కనిపించింది. మళ్లీ మసక కమ్మింది. అవ్వ మళ్లీ తుడిచింది.