పదిహేడో పేజీలో తప్పు

మా అన్నయ్యను చూడాలని ఎక్కడెక్కడి నుంచో ప్రొఫెసర్లు విజయనగరం వస్తారు. స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి వచ్చి, ఆయన గది ముందు గుడికొచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడతారు. ఆయన తలుపు తియ్యడు. వాళ్ళకు కాఫీ ఇచ్చి, తియ్యనందుకు ఏదో ఒక సాకు చెప్పి పంపేది నేను. దూరపు కొండలు నునుపు. నేనుండేది దగ్గర, అందుకే రాళ్ళు నాకు తెలుసు.

హాజరు వెయ్యడం తన పని కాదని కాలేజీ ఉద్యోగం వదిలేసి, పెరటి గదిలో చేరి ఇరవై ఏళ్ళయింది. ప్రధాన సంఖ్యల మీద ఒకే ఒక్క నిరూపణ కోసం. అమ్మ పోయిన రోజు కూడా శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, తలుపేసుకున్నాడు. "పెద్ద బుర్రండీ! దుఃఖాన్ని లెక్కల్లో దిగమింగుతన్నాడు," అన్నారు చుట్టాలు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. వాళ్ళదో ఆయనదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నేనూ లెక్కల్లోనే ఎమ్మెస్సీ చేశాను. ఆ సంగతి ఆయనకు గుర్తుండదు. రోజూ రైలెక్కి చీపురుపల్లి వెళ్ళి, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి, తిరిగొచ్చి ఆయనకు అన్నం పెట్టి, ఆ కోడిగీతల కాగితాలను కంప్యూటర్లో టైపు చేసేదాన్ని. ఒకసారి, "అన్నియ్యా, ఈ మెట్టు ఎలాగొచ్చిందీ?" అనడిగాను.

"ఒసే, నువ్వు టైపు సెయ్యి, సాలు. సదవకు. నీకేటి తెలుస్తాది?" అన్నాడు తలెత్తకుండా.

సరేనని టైపు చేశాను. చదవడం మాత్రం ఎలా మానతాను? పదిహేడో పేజీలో సమీకరణానికి రెండు వైపులా ఉన్న ఒక పదాన్ని కొట్టేశాడు. దాని విలువ సున్నా అయితే కొట్టెయ్యకూడదు. అది చూసుకోలేదు మహానుభావుడు. మా పిల్లలు చేస్తే ఎర్ర పెన్నుతో గీత గీసే తప్పు! ఉన్నదున్నట్టు టైపు చేసి గణిత పత్రికకు పంపేశాను.

ఎనిమిది నెలలకు తిరిగొచ్చింది. పరిశీలించినవాళ్ళు వేలెత్తి చూపింది సరిగ్గా ఆ వరుసనే. ఆ రోజు స్కూల్లో పిల్లలందరికీ చాక్లెట్లు పంచాను. ఎందుకని అడిగితే పుట్టినరోజని చెప్పాను.

సాయంత్రం ఆయన వంటింటి దాకా వచ్చాడు. పత్రికవాళ్ళ ఉత్తరం నా ముందు పెట్టి, ఆ వరుస మీద వేలుంచాడు.

"ఇది నువ్వు సూసేవా?"

"సూసేను."

"మరి సెప్పలేదేటి?"

"సదవద్దన్నావు కదా."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "ఇంకా ఉన్నాయేటి?" అన్నాడు మెల్లగా. ఇన్నేళ్ళలో ఆయన నన్ను లెక్క గురించి అడిగిన మొదటి ప్రశ్న. నా కడుపు మంట చల్లారాల్సింది. చల్లారలేదు.

"ఇంకో రెండున్నాయి. నువ్వే ఎతుక్కో," అన్నాను.

ఒక్కటీ లేదు. పదిహేడో పేజీని ఆయన నాలుగు రోజుల్లో దిద్దుకున్నాడు. దిద్దింది టైపు చేస్తూ మూడుసార్లు చదివాను. మిగతా రెండు తప్పులూ దొరికేదాకా పంపనని మళ్ళీ తలుపేసుకున్నాడు. మూడేళ్ళవుతోంది. జుట్టంతా నెరిసిపోయింది, చూపు మందగించింది. అన్నం పళ్ళెం పట్టుకెళ్ళిన ప్రతిసారీ నేనొక్క మాట చెబితే చాలు. సిగ్గుపడాల్సిన పనేనని నాకు తెలుసు. ఆయన నిరూపణ సరైనదే. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.