పిట్ట ముట్టని విస్తరి

నా చిన్నప్పుడు పసుపు తవ్వే రోజులు వచ్చాయంటే మా ఊరి మనుషులు సరిపోయేవారు కాదు. పొద్దున కోరుట్లకు నడిచిపోతే మధ్యాహ్నం అన్నానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఉంటుంది మా ఊరు. ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్లు చాలామంది అప్పటికే బొంబాయి బట్టల మిల్లుల్లో చేరిపోయారు. అందుకని బీర్పూర్ వైపు నుంచి కూలీల గుంపును పిలిపించుకునేవాళ్లం. వాళ్లు మా కల్లంలోనే వండుకొని, అక్కడే పడుకొని, పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబోసి వెళ్లిపోయేవారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు నిండి పదో ఏడు నడుస్తోంది. లెక్క తప్పని పిల్లనని ఇంట్లో నాకు పేరు. కడాయిలో ఎన్ని గంపలు పోశారో, ఏ కోడి ఎప్పుడు పొదిగిందో పెద్దవాళ్లు నన్నే అడిగేవారు. నేను చెప్పిందే మాట. ఆ పేరు నాకు ఎంత పనికొచ్చిందో, ఎంత బరువైందో చెప్పాలంటే ఈ సంగతి చెప్పాలి.

ఆ ఏడు మా కడాయి కింద మంట వేసే పని ఒక నడివయసు మనిషి చేసేవాడు. ఎండిన పసుపు ఆకు, కందికట్టె తెచ్చి, మంట పెరగకుండా తగ్గకుండా చూసేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. అందరూ అతన్ని ‘మంటకాడి మనిషి’ అనేవారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని, పసుపు కుప్పకు వీపు ఆనించి కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నాం. కడాయి కింద మంట ఆరిపోయినా లేవకపోతే మా బాపు వెళ్లి భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

ఈ సంగతి గుర్తున్నవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు ఇద్దరు ముగ్గురే. అది శివరాత్రినాడు జరిగిందంటారు వాళ్లు. కాదు. శివరాత్రికి ముందటి సోమవారం. ఆ రోజు మా బాపమ్మ ఒక్కపొద్దు ఉంది.

పోలీస్ పటేల్ వచ్చి శవాన్ని చూసి, "పేరేంది?" అని అడిగాడు. మా బాపు గుంపు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ మా బాపు వైపు చూశాడు.

"మీ మనిషేనాయె గద, పటేలా? మీ ఇంటి జీతగాడనుకున్నం మేం," అన్నాడు మేస్త్రీ మా బాపుతో.

"మా జీతగాడేంది? మీ గుంపుతోని అచ్చిండనుకున్న నేను!"

అప్పుడు తెలిసింది మాకు. అతను గుంపుతో రాలేదు, మా ఊరివాడూ కాదు. ఎక్కణ్నుంచో వచ్చి, పని ఉన్నచోట చేయి వేశాడు. మా వాళ్లు పెట్టినప్పుడు మా దగ్గర తిన్నాడు, వాళ్లు పెట్టినప్పుడు వాళ్ల దగ్గర తిన్నాడు. పేరు అవతలివాళ్లకు తెలిసే ఉంటుందని ఎవరికి వాళ్లం ఊరుకున్నాం. అతని సంచిలో ఒక ధోతి, ఒక దువ్వెన ఉన్నాయి. అంతే.

కాల్చాలా, పూడ్చాలా, ఏ కులం వాళ్లు మోయాలి అని పెద్దమనుషులు చాలాసేపు తగువులాడారు. చివరికి మా బాపు, "పూడుద్దాం. ఎవలన్న ఎతుక్కుంట అస్తె, ఇగో గీడ ఉన్నడని సూపెట్టరాదా," అన్నాడు. అలా వాగు ఒడ్డున పూడ్చారు. మా కల్లంలో పోయాడు కనుక మూడొద్దుల పని మా ఇంటి మీదే పడింది.

మా దగ్గర మూడో రోజు చనిపోయిన మనిషికి ఇష్టమైనవి వండి, పూడ్చినచోట విస్తరిలో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. పిట్ట అంటే కాకే. అది ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇస్తారు. మాట కుదిరితే పిట్ట ముడుతుందని నమ్మకం.

ఈ మనిషికి ఏది ఇష్టమో ఎవరికీ తెలియదు. అందుకని ఊరంతా తలా ఒకటి తెచ్చారు. మక్క గట్క, గారెలు, చేపల పులుసు, కోడికూర, బెల్లం అన్నం, బీడీ కట్ట. గౌండ్ల తాత కొత్త ముంతలో కల్లు తెచ్చాడు.

ఆ గుంపులో మా చిన్నమ్మ కూడా ఉంది. మా బాపు తమ్ముడికి, అంటే కాకయ్యకు భార్య. కాకయ్య బొంబాయికి పోయిన కొత్తలో ఉత్తరాలు రాసేవాడు. తర్వాత రెండు పసుపు పంటలు ఇంటికొచ్చినా ఒక్క ముక్క రాలేదు. అతనితో పోయినవాళ్లను అడిగితే మిల్లు మారాడన్నారు, ఎటు పోయాడో తెలియదన్నారు. ఆ పొద్దున విస్తళ్లు కడుగుతూ చిన్నమ్మ మా బాపమ్మతో అన్న మాట నేను విన్నాను.

"అత్తా, నేను మనసుల అనుకున్న. ఈ అయ్యకు పిట్ట ముడితె మనోడు బతికి ఉన్నట్టు. ముట్టకపోతె…"

బాపమ్మ ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు. "నోరు ముయ్యవే. గట్ల ముడేసుకుంటరా ఎవలన్న?" అని కసిరింది. కసిరిన తర్వాత ఆమె చేయి విస్తరి మీద అలాగే ఆగిపోవడం నేను చూశాను. బొంబాయి పోయినవాడు చిన్నమ్మకు భర్త అయితే, బాపమ్మకు కొడుకు.

కాకి వచ్చింది. తుమ్మచెట్టు మీద వాలింది. కిందికి దిగి విస్తరి చుట్టూ తిరిగింది. ముట్టలేదు. మళ్లీ చెట్టెక్కింది.

"అరే, కల్లు సుత ముడుతలేదేంది?" అన్నాడు గౌండ్ల తాత.

"నీ కల్లుల నీళ్లెన్నో పిట్టకు సుత ఎరుకైంది, మామా," అంది పక్కింటి పెద్దమ్మ.

అందరూ నవ్వారు. ఆ రోజు అక్కడ వినిపించిన నవ్వు అదొక్కటే. పిట్ట మాత్రం దిగలేదు. ఇక మాటలివ్వడం మొదలైంది. పక్కింటి పెద్దమ్మ, "నీ ముసలి తల్లి ఉంటె మా అసుంటోళ్లు సూసుకుంటరు తియ్యి, నువ్వు పో," అంది. ఆమె తల్లి మంచంలో ఉందని, ఆమె వెళ్లి చూడటం లేదని ఊరందరికీ తెలుసు. పొలం గట్టు తగాదాలో తమ్ముడితో మాటలు మానేసిన ఒక పెద్దమనిషి, "నీ అన్నదమ్ముల పంచాయితి తెగుతది, రంది వెట్టుకోకు," అన్నాడు. అతని తమ్ముడు నాలుగడుగుల దూరంలో నిలబడి నేల చూస్తున్నాడు. ఆ మనిషి గురించి ఎవరికీ ఏమీ తెలియదు కనుక, ఎవరి ఇంట్లో ఉన్న బాధ వాళ్ల నోటి నుంచి వచ్చింది. అదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

అప్పుడు చిన్నమ్మ కొంగు తల మీదికి లాక్కొని ముందుకొచ్చింది.

"ఓ అయ్యా, ఇంటికాడ నీ ఆడామె ఎదురుసూస్తుంటది. ఇగ సూడొద్దని కబురు జేస్తం. నువ్వు పో."

ఎక్కడికి చేస్తారు కబురు? ఊరు తెలియదు, పేరు తెలియదు. మాట నిలబెట్టుకునే దారి లేదని ఇచ్చినామెకూ తెలుసు. అక్కడున్న ఆడవాళ్లలో బొంబాయిలో మనిషి లేని ఇల్లాలు తక్కువ. ఒకరి తర్వాత ఒకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చెట్టు మీది కాకి ఎగిరి వాగు దాటి వెళ్లిపోయింది.

ఎండ ముదిరింది. బాపమ్మ అందర్నీ పొమ్మంది. "పిట్ట మందిని సూసి జంకుతుంది. మీరు నడువుండ్రి. నేనుంట, తోడుకు ఈ పోరి ఉంటది." చిన్నమ్మ వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లింది.

మేమిద్దరం ఒడ్డు మీద కూర్చున్నాం. నీడ మా కాళ్ల దగ్గరి నుంచి వెనక్కి జరిగింది. ఒక్క పిట్ట రాలేదు. చీమలు మాత్రం వచ్చాయి. చివరికి బాపమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. విస్తరి దగ్గరికి వెళ్లి, వేళ్లతో అన్నం కెలికింది. గారె ఒకటి తుంచి సగం వాగులోకి విసిరింది. ముంత ఒరగదోసింది. తిరిగి వచ్చి నా ముందు కూర్చుంది.

"పిట్ట ముట్టింది. ఏమంటవ్?"

నేను విస్తరి వైపు చూశాను.

"నేనంటె ముసల్దానికి కండ్లు కనవడయంటరు. నువ్వంటె నమ్ముతరు. ఎన్ని పిట్టలచ్చినయి?"

"ఒక్కటే అచ్చింది, బాపమ్మా."

"ముందుగాల ఏం ముట్టింది?"

"గారె."

"మా బంగారం," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం ఏమీ లేదు.

ఊరు ఊపిరి పీల్చుకుంది. గౌండ్ల తాత తన కల్లు వల్లే ముట్టిందన్నాడు. చిన్నమ్మ మాత్రం ఇంటి వెనక నన్ను పట్టుకొని, "నిజంగనా, బిడ్డా?" అని అడిగింది. గారె సంగతి చెప్పాను. ఆమె నా తల మీద చేయి పెట్టి, కాసేపు అలాగే ఉంచి, లోపలికి వెళ్లి అన్నం పెట్టుకొని తింది. మంటకాడి మనిషి పోయినప్పటి నుంచి ఆమె సరిగ్గా తినలేదు.

తర్వాత మా ఊరు మారింది. మంచికి మారిందని చెప్పలేను. పక్కింటి పెద్దమ్మ తల్లి దగ్గరికి పోయింది, ఆ అన్నదమ్ములు గట్టు పంచాయితీ తెంపుకున్నారు, నిజమే. పనికి వచ్చిన ఏ కొత్త మనిషికైనా మా ఊళ్లో ముందు పేరు, ఊరు, ఏది ఇష్టంగా తింటాడో అడిగి, ఆ తర్వాతే గంప ఇచ్చేవారు. బొంబాయికి పోయే మగవాళ్లను మెట్‌పల్లిలో బస్సెక్కించే ముందు ఒకరి ఇష్టాన్ని ఒకరి చేత అప్పజెప్పించేవారు. "మావోడికి పుంటికూర, యాదుంచుకో అన్నా" అని ఒక కొత్త పెళ్లికూతురు చెప్పడం నేను విన్నాను. ఎందుకు చెబుతోందో ఆమెకు తెలుసు. విన్నవాడికీ తెలుసు. అంతకుముందు బొంబాయి అంటే మాకు మనియార్డరు, రంగు చీర. ఆ తర్వాత అది వాగు ఒడ్డున పేరు లేని మట్టికుప్ప. ఆ అడగడాల వల్ల పోయినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ మట్టికుప్పను వెతుక్కుంటూ కూడా ఎవరూ రాలేదు. మూడో వానాకాలం వాగు దాన్ని తీసుకుపోయింది.

కాకయ్య రాలేదు. బాపమ్మ, చిన్నమ్మ ఒకే ఇంట్లో ఎదురుచూస్తూ బతికారు. పోస్టుమాను దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. ఒకరు గుమ్మంలోకి వస్తే ఇంకొకరు పని ఉన్నట్టు లోపలికి పోయేవారు. "మన్నటి గాలికి రైళ్లు ఆగినయట, గందుకే ఆలిశెమైతుంది" అని అత్త అంటే, "గంతే, అత్తా" అనేది కోడలు.

నాకు పెళ్లై సిరిసిల్లకు వచ్చిన తర్వాత బాపమ్మ పోయింది. మూడొద్దులకు ఊరికి వెళ్లాను. ఆమెకు ఇష్టమైనవన్నీ వండాం. పిట్ట ముట్టలేదు. మా బాపు ఇచ్చిన మాటలేవీ పనిచేయలేదు. చివరికి చిన్నమ్మ ముందుకు వెళ్లి, "నీ కొడుకు అత్తడు, అత్తా. నేను సూసుకుంట. నువ్వు పో," అంది. కాకి దిగి ముట్టింది. ఇది నేను కళ్లారా చూసింది, ఎవరో చెప్పించింది కాదు.

తిరిగి వస్తుంటే చిన్నమ్మ వెనక పడిపోయింది. నేను ఆగాను. ఆమె నా ముఖం చూడకుండా అంది: "ఆనాడు ఆ అయ్యకు పిట్ట ముట్టలేదని నాకెరుకే, బిడ్డా. తెల్లారి ఆడ మరిసిన చెంబు తెచ్చుకుందామని పోయిన. అన్నం మీద నాలుగు వేళ్ల గీతలున్నయి. పిట్టకు వేళ్లుంటయా?"

"మరి ఇన్నేండ్లు ఎట్లున్నవ్, చిన్నమ్మా?"

"నాకోసం అబద్ధమాడింది ముసల్ది. నేను నమ్మకపోతె దానికి కొడుకు పోయినట్టేనాయె. గందుకే నమ్మిన. ఇగ ఇప్పుడు ఎవలికోసం నమ్మాలె?"

ఆ సాయంత్రం ఆమె బొట్టు తీసేసింది. ఎవరూ తీయమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఒకరి కోసం ఒకరు నిలబెట్టిన ఆశ, నిలబెట్టేవాళ్లలో ఒకరు పోగానే కూలిపోయింది. నా ఒక్క లెక్క తప్పు మీద ఆ ఇద్దరూ అంతకాలం అన్నం తిన్నారు. అది మేలో కీడో తేల్చడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు మా వీధిలో కూడా ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉన్నారు. పెట్టెలు వస్తూనే ఉంటాయి. కొన్ని తెరవకుండానే పూడుస్తారు. వరి నాట్లకు మన వైపు బీహారు నుంచి మనుషులు వస్తున్నారు. మా పొలానికి వచ్చినవాళ్లను వరసగా నిలబెట్టి అడుగుతాను, పేరేమిటి, ఊరేమిటి, ఏం ఇష్టం అని. నా కోడలు నవ్వుతుంది. వాళ్లూ నవ్వుతారు. కొన్ని వంటల పేర్లు నా నోరు తిరగదు, అయినా రెండోసారి అడిగి సరిగ్గా పలకడం నేర్చుకుంటాను. దీనివల్ల ఎవరి ప్రాణమూ ఆగదని నాకు తెలుసు. ఇప్పటిదాకా అడిగిన అందరివీ నాకు గుర్తున్నాయి. అందరికంటే ముందు అడగవలసిన మనిషికి, ఆ కడాయి కింద మంట వేసిన మనిషికి, ఏది ఇష్టమో మాత్రం ఇవాళ్టికీ తెలియదు.